కొండ మీద టైలరుగారి కుళ్లు

తోడల్లుడంటే టైలరుకు మొదటినుంచీ గిట్టదు. అతను బస్సు డ్రైవరు. సెలవు రోజున తెలిసినవాళ్లను పోగేసి కొండలెక్కిస్తాడు. ఆ పిచ్చి టైలరు భార్యకూ అంటుకుంది. కొట్లో కాజాలు కుడుతూ ప్రతి చిన్నదానికీ మొగుణ్ణి అడిగే మనిషి, ఇప్పుడు నోరు తెరిస్తే "మా మరిది చెప్పాడు" అంటోంది. దాహం వేయకముందే గుక్కెడు గుక్కెడు నీళ్లు తాగాలట. ఏ దారిన వెళ్తున్నామో ఇంట్లో చెప్పి మరీ బయల్దేరాలట. నూలు మేజోళ్లు చెమటకు తడిసి కాలిని ఒరుస్తాయట. గుడ్డ సంగతి టైలరుకు ఇంకొకడు చెప్పాలా?

"ఈసారి నేనూ వస్తాను" అన్నాడొకనాడు, కత్తెర బల్ల మీద పడేసి.

"పాత బూట్లే వేసుకోండి. కొత్తవి కరుస్తాయని మరిది చెప్పాడు."

ఇంకేం, ఆ సాయంత్రమే వెళ్లి తళతళలాడే కొత్త బూట్లు కొన్నాడు.

కొండ కింద తోడల్లుడు అందరినీ వరసలో నిలబెట్టి, "అన్నయ్యా, మీరు ముందు నడవండి" అన్నాడు. టైలరు ఛాతీ ఉబ్బింది. ఎంతైనా పెద్దల్లుణ్ణి, నా మర్యాద వీడికి ఇప్పటికి తెలిసొచ్చింది అనుకున్నాడు. భార్య అందరికన్నా చివర నిలబడింది. పాపం, నడవలేదు కాబోలు అని జాలిపడ్డాడు. ఆ జాలి ఎంతోసేపు నిలవలేదు. వెనకనుంచి ఆమె నవ్వూ, మరిది నవ్వూ కలిసి వినిపించాయి. తన మాటలకు ఆమె ఏనాడైనా అలా నవ్విందా? ఉక్రోషంతో పెద్ద పెద్ద అంగలు వేశాడు. మడమలు బొబ్బలెక్కినా తేలు కుట్టిన దొంగలా నోరు మెదపలేదు.

సగం దాటాక ఆయాసంతో చతికిలబడ్డాడు. వెనకే వస్తున్న మందులషాపు ఆవిడ, "మెల్లగా నడవండి, మీ నడకే మా అందరి నడక. నెమ్మదైనవాళ్లను ముందు పెట్టేది అందుకేగా" అంది మామూలుగా.

టైలరు ముఖం మాడిపోయింది. "మరి చివర నడిచేదెవరు?"

"బాగా అలవాటైనవాళ్లు. ఎవరూ వెనకబడిపోకుండా చూసుకోవాలిగా."

మళ్లీ లేచి నడిచేసరికి శిఖరం ఎదురుగా కనబడింది. దాని వెనక మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది.

"అదిగో, చెయ్యి చాస్తే అందేట్టుంది. ఎక్కేద్దాం" అన్నాడు టైలరు. ఆ కాస్తా ఎక్కకపోతే ఇక తోడల్లుడి ముందు తలెత్తుకోలేడు.

తోడల్లుడు వెనక్కి తిరిగి, "వదినా, ఏం చేద్దాం?" అన్నాడు.

ఆమె మబ్బు వంక చూసింది. మొగుడి కుంటుతున్న కాలి వంకా చూసింది. "దిగిపోదాం. ఉరుములొస్తే పైన తలదాచుకునే చోటు లేదు" అంది. అందరూ వెనుదిరిగారు, తోడల్లుడితో సహా.

ఇన్నాళ్లూ వాణ్ణి చూసి ఏడ్చాడు. తీరా చూస్తే వాడే ఆమెను అడిగి నడుచుకుంటున్నాడు. టైలరు కుళ్లు ఇప్పుడు సొంత పెళ్లాం మీదికి మళ్లింది. ఇది ఇంకా ఎక్కువ మండింది.

దిగువన ఒక బండ మీద కూర్చోబెట్టి ఆమె అతని బూటు విప్పింది. తిట్టలేదు. బొబ్బ మీద ప్లాస్టరు అంటించింది.

"ఇవన్నీ ఎప్పుడు నేర్చుకున్నావు? నాకొక్క ముక్క చెప్పలేదే" అన్నాడు నిష్ఠూరంగా.

"వెళ్లొచ్చిన ప్రతిసారీ చెబుతూనే ఉన్నానండీ" అంది ఆమె, తలెత్తకుండానే. "మీకు మరిది పేరొక్కటే వినబడింది."