మల్లయ్య తాత గుడ్లు పెట్టాడు

మా హెప్సిబాకు ఒక్కటే పిచ్చి. సముద్రపు ఒడ్డున ఏ తాబేలు కనబడినా దానికి మా ఊరివాళ్ళ పేరు పెట్టేస్తుంది.

మాది గోపాల్‌పేట దగ్గర మెట్ట పల్లె. నీళ్ళంటే బోరు నీళ్ళే, అవీ కరెంటుంటేనే. అలాంటి ఊళ్ళో పుట్టి, అమ్మానాన్నల వెంట మట్టిపనికి ఊళ్ళు తిరుగుతూ, ఎలా చదివిందో చదివి సముద్ర శాస్త్రవేత్త అయింది. ఇప్పుడు బాపట్ల తీరంలో ఇసుక, ఉప్పునీళ్ళు, వాటిలో బతికే జీవాలన్నిటి మీదా పరిశోధన. గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కిన ప్రతి తాబేలుకూ నంబరు బిళ్ళ తగిలిస్తారు. మిగతా శాస్త్రవేత్తలకు ఆ నంబరు చాలు. మా హెప్సిబాకు చాలదు.

నేను ఊరి బడిలో టీచర్ని, దాని చిన్ననాటి స్నేహితురాల్ని. కబుర్లన్నీ నా ఫోనుకే వస్తాయి.

ఒకరోజు పొద్దున్నే ఫోను. "మానసా, మల్లయ్య తాతకియ్యే."

మల్లయ్య తాత పెబ్బేరు సంతలో ఎద్దుల బేరగాడు. మీసం ఆ చెవి నుంచి ఈ చెవిదాకా. నేను ఫోను పట్టుకుని వెళ్ళేసరికి తిమ్మమ్మ హోటల్ ముందు నలుగురి మధ్య మూతి బిగించుకుని కూర్చున్నాడు. నేను తెలివితక్కువగా స్పీకరు పెట్టాను.

"తాతా, శుభవార్త! రాత్రి నువ్వు నూటపన్నెండు గుడ్లు పెట్టినవ్!"

చాయ్ తాగుతున్నవాళ్ళందరికీ ఒక్కసారే పొలమారింది.

"ఏందే పిల్లా, పాణం బాగలేదా?"

"తాబేలు తాతా! నీ పేరు పెట్టిన. మస్తు హుషారుగున్నది."

"మొగోని పేరు ఆడదానికి పెడ్తవా? ఓ మొగదానికి పెట్టరాదు?"

"మొగయి ఒడ్డుకే రావు తాతా. పుట్టినంక నీళ్ళల్ల దిగినయంటే మళ్ళ ఇటు దిక్కు చూడవు. తిప్పలన్ని ఆడయే పడ్తయి."

"మా ఆయన లెక్కనే," అంది ఇడ్లీలు దించుతున్న తిమ్మమ్మ.

ఆ వారం సంతలో తాతను బతకనివ్వలేదు. "ఏం మల్లన్నా, బాలింతవు, గింత ఎండల తిరుగుతవా?" "చెవులకు గుడ్డ కట్టుకోవే, సల్లగాలి!" "ఒక్క పిల్లకన్న నీ మీసమొస్తదా?" తాత అందరినీ తిట్టాడు. సంత ఈ కొస నుంచి ఆ కొసదాకా తిరిగి మరీ తిట్టాడు.

తిమ్మమ్మది ఇంకో గొడవ. తన పేరున్న తాబేలు తొంభై గుడ్లే పెట్టింది. తోడికోడలి పేరున్నది నూటనలభై పెట్టింది. నా ఫోను లాక్కుంది.

"నాదాని కడుపు ఎందుకే ఎండబెడ్తున్నవ్?"

"నేనేం పెడ్తలేనత్తా. సముద్రంల అవే దేవులాడుకొని తింటయి."

"గందుకే! దానిది నోరున్నది, నాది నోరులేనిది."

తిమ్మమ్మకు నోరులేదన్న సంగతి అప్పటిదాకా ఊళ్ళో ఎవరికీ తెలియదు.

ఈ మార్చిలో మళ్ళీ ఫోను. "బాలమణక్క పేరు పెట్టిన. నూటిరవై గుడ్లు. కుక్కలు తవ్వకముందే తీసి, కంచెలోపల పూడ్చినం."

బాలమణికి పెళ్ళయి పదమూడేళ్ళు. పిల్లల్లేరు. శుభకార్యాలలో ఎవరో ఒకరు ఏదో ఒకటి అనడం, ఆమె వెనక్కి జరగడం. ఈమధ్య వెళ్ళడమే మానేసింది.

"నీకు బుద్ధున్నదా? ఆమెకెట్ల చెప్పాలె?"

"ఉన్నదున్నట్టు చెప్పు."

చెప్పాను. బాలమణి చేటలోని బియ్యమంతా ఏరి పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా అడిగింది. "పిల్లలెప్పుడైతరంట?"

"యాభై రోజులు పడ్తదంట."

మర్నాటి నుంచి రోజూ బడి గేటు దగ్గర బాలమణే. "టీచరమ్మా, ఏమన్న ఫోనొచ్చిందా?"

ఏప్రిల్‌లో ఎండలు ముదిరాయి. హెప్సిబా గొంతులో మొదటిసారి దిగులు విన్నాను. "ఇసుక కాలుతున్నదే. జర వేడైతే అన్ని ఆడపిల్లలే పుడ్తయి. ఇంక పెరిగితే గుడ్లే చెడిపోతయి."

పక్కనే ఉన్న బాలమణి ఫోను అందుకుంది. "ఆడపిల్లలైతే కానియ్యి, ఏం పోయింది? ముందుగాల పందిరెయ్యి! టమాట నారుకు మేం వేస్తలేమా?"

ఆ సాయంత్రమే కొబ్బరాకుల పందిరి ఫొటో వచ్చింది.

ఆ రోజుల్లోనే నాకు అనుమానం వచ్చి, హెప్సిబాను తన తాబేళ్ళ నోటుబుక్కులోని పేర్లన్నీ పంపమన్నాను. చదువుతుంటే సంగతి అర్థమైంది. మల్లయ్య తాత భార్య పోయాక ఆరునెలలు ఎవరితోనూ మాట్లాడలేదు. ఈ తాబేలు గొడవతోనే మళ్ళీ నోరు తెరిచాడు. తిమ్మమ్మకు తోడికోడలితో మూడేళ్ళుగా మాటల్లేవు. గుడ్ల లెక్క తేల్చుకోవడానికే ఆమె గడప తొక్కింది. మిగతా పేర్లదీ ఇదే వరస.

"కావాల్నని పెడ్తున్నవు గదనే?" అన్నాను.

"నాకేం తెల్వదు. నోటికొచ్చిన పేరు రాస్త," అని ఫోను పెట్టేసింది.

యాభైమూడో రోజు పొద్దు పొడుస్తుండగా వీడియో కాల్. బాలమణి వాకిట్లో సగం ఊరుంది. తెరమీద ఇసుక కదిలింది. గుప్పెట్లో పట్టేంత పిల్లలు, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ, అలలవైపు పాకుతున్నాయి.

"పన్నెండు చెడిపోయినయక్కా. నూటెనిమిది పుట్టినయి!"

బాలమణికి ఆ మాట వినబడితే కదా! ఫోనులో తల దూర్చి అరుస్తోంది. "ఓ చిన్నీ, అటు గాదు! నీళ్ళ దిక్కు నడువే!" ఆ చిన్నదాన్ని కూడా అల వచ్చి తీసుకుపోయాక లోపలికెళ్ళి చక్కెర డబ్బా తెచ్చి, వరసగా అందరి నోళ్ళలో పోయడం మొదలుపెట్టింది.

"తొట్టెల ఎప్పుడు చేస్తవే బాలమణీ?" నోరు ఊరుకోక బారసాల మాట ఎత్తేసింది తిమ్మమ్మ.

పక్కనున్న తోడికోడలు ఆమె చెయ్యి గిల్లింది.

బాలమణి తిమ్మమ్మ నోట్లో ఇంకో గుప్పెడు చక్కెర పోసింది. "జర ఆగత్తా. నూటెనిమిది పేర్లు దేవులాడొద్దా?"