బీజ్ అంటే ఏ రంగు

మనవరాలు తన నిశ్చితార్థానికి బీజ్ రంగు గద్వాల చీర కావాలంది. మాకు ఎప్పుడూ చీరలు నేసిచ్చే గద్వాల అతనికి అదే మాట చేరవేశాను. రెండు రోజులకు ఫోన్ చేశాడు.

"బీజంటే ఏందమ్మా? గంధమా, గోధుమా? ఎల్లుండి నూలుకు రంగేస్తం. ఒక్కసారి ఏసినంక మళ్ల తీయరాదు."

ముహూర్తం లోపల రెండో చీర నేసే వ్యవధి లేదు. మనవరాలిని అడిగితే మూడు ఫొటోలు పంపింది. ఒకటి మీగడలా, ఒకటి బిస్కెట్టులా, ఒకటి తడి ఇసుకలా ఉంది. ఇందులో ఏది సరైనదంటే, "మూడూ బీజే నానమ్మా" అంది.

నాకది మింగుడుపడలేదు. వంకాయ రంగంటే వంకాయను చూపించవచ్చు. ఉల్లిపొర రంగంటే ఉల్లిగడ్డ వలిచి చూపించవచ్చు. దీనికి చూపించే వస్తువేది? ఇంట్లో ఉన్న పెద్ద ఇంగ్లీషు నిఘంటువు తీశాను. ఫ్రెంచి నుంచి వచ్చిన విశేషణమట. అక్కడ మొదట రంగు వేయని ఉన్నికి ఆ మాట వాడేవారట. తర్వాత ఆ ఉన్ని రంగుకే పేరైంది. అంటే వస్తువు దొరికింది: గొర్రె.

రంగేస్తామన్న రోజు పొద్దున్నే వనపర్తిలో గద్వాల బస్సెక్కాను. పెబ్బేరులో ఆ రోజు సంత. బస్సు ఆగినంతసేపూ కిటికీలోంచి గొర్రెలనే చూశాను. ఎక్కువ నల్లవే. మా ఇంట్లో గొంగడి కూడా రంగు వేయనిదే, అదీ నలుపే. ఆ మాట ఇక్కడ పుట్టి ఉంటే బీజ్ అంటే నలుపయ్యేది.

గద్వాలలో దిగి ఇదంతా చెబితే, అతను మగ్గం ఆపి విన్నాడు.

"గట్లయితే పిల్లకు గొంగడి కప్పి కూసోబెట్టున్రి. నాకు పని తప్పుతది."

అప్పటికే రంగు నీళ్లు కాగుతున్నాయి. పక్కన నూలు చిలపలు, ఇంకా రంగు పడక, పత్తి ఇచ్చిన రంగులోనే ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుని, చీర నడుమ భాగానికి రంగే వద్దన్నాను. అంచుకూ కొంగుకూ వేసే పట్టుకు మాత్రం ఎరుపు.

అతను జంకాడు. "రంగెయ్యని కోరా బట్ట శుభానికి కడ్తరా అమ్మా?"

కొత్త బట్ట ఏదైనా మూలకు పసుపు పెట్టకుండా మేము కట్టమని, అది నేనే పెడతానని చెప్పాను.

చీర వచ్చాక మనవరాలు దాన్ని ఫోను పక్కన పెట్టి చూసింది. మూడు ఫొటోల్లో దేనితోనూ కలవలేదు. నేను గొర్రెల సంగతి మొదలుపెట్టాను. గొంగడి దగ్గరికి వచ్చేసరికి నవ్వింది. చీరను భుజం మీద వేసుకుని, పసుపు తెమ్మంది.

సాయంత్రం తన చీర కోరా రంగని చెబితే, ఎవరో స్నేహితురాలు కోరా అంటే ఏ రంగని అడిగిందట. మనవరాలు చీరకు ఎండలో ఒకటి, నీడలో ఒకటి, లైటు కింద ఒకటి, మూడు ఫొటోలు తీసి పంపింది.