డెమో రోజు పని రోజేనా

అమీర్‌పేటలో కాలాన్ని నెలలతో చెప్పేవాళ్లు తక్కువ. ఎప్పుడు చేరావని అడిగితే, జావా రెండో బ్యాచ్ మొదలైనప్పుడు అంటారు. నేను పనిచేసే కంప్యూటర్ కోచింగ్ సెంటర్‌లోనూ అంతే. అక్కడ పన్నెండేళ్లుగా హాజరు రిజిస్టర్ నా చేతిలో ఉంది. నేను చదివింది పదో తరగతి. లెక్కలు మాత్రం సొంతంగా నేర్చుకున్నాను. మాది నేత కుటుంబం. నాన్న పడుగు పోగులు లెక్కపెడుతుంటే పక్కన కూర్చుని నేనూ మనసులో లెక్కపెట్టేదాన్ని. ఆయన ఆగిన అంకె దగ్గరే నేనూ ఆగితే ఆ రోజంతా సంతోషంగా ఉండేది. ఆ అలవాటు పోలేదు. ఇప్పటికీ మెట్రో మెట్లు లెక్కపెట్టకుండా దిగలేను.

రిజిస్టర్‌లో నాదొక పద్ధతి ఉంది. పాఠం చెప్పేవాళ్లు ఒక బ్యాచ్‌కి చెబితే గడిలో ఒక టిక్కు. ఒకే రోజు రెండు బ్యాచ్‌లకు చెబితే అదే గడిలో రెండు టిక్కులు. రాకపోతే ఎర్ర సిరాతో ‘సె’, అంటే సెలవు. ఈ పద్ధతి ఎవరూ చెప్పలేదు, నేనే పెట్టుకున్నాను. అందుకే దాని మీద నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

మా దగ్గర టెస్టింగ్ కోర్సు చెప్పే అమ్మాయికి ఏడో నెల పడిన వారమే ఆ కోర్సు ఎత్తేశారు. అందులో కుట్రేమీ లేదు. వచ్చినవాళ్లంతా ఏఐ కోర్సు ఉందా అని అడుగుతున్నారు. టెస్టింగ్ డెమోకి ముగ్గురు కూర్చుంటే అందులో ఇద్దరు ఏసీ కోసం కూర్చున్నవాళ్లే. డెమో అంటే కొత్త బ్యాచ్‌కి ముందు ఉచితంగా చెప్పే మొదటి పాఠం. అది నచ్చితేనే పిల్లలు చేరతారు.

ఆఖరి బ్యాచ్ శుక్రవారం అయిపోయింది. సోమవారం ఆ అమ్మాయి నా బల్ల ముందు కుర్చీలో మెల్లగా కూర్చుంది.

“అక్కా, కోర్సు బంద్ జేసిండ్రు. మంచిదే. నా సెలవు సుత బందేనా?”

“ఏం సెలవు చెల్లె?”

“డెలివరీది. ఇరవై ఆరు వారాలు, జీతంతోని. పంజాగుట్ట దవాఖాన్ల నర్సు చెప్పింది. ఉద్యోగమే లేనప్పుడు సెలవు యాడికెల్లి ఇయ్యాలె అంటుండు సార్.”

“వేరే తాన చూసుకోరాదు?”

“ఈ కడుపుతోని ఇంటర్వ్యూకు పోతే కుర్చీ ఇస్తరు గని కొలువిస్తరా అక్కా?”

ఆమె నవ్వుతూనే అంది. కానీ ఆ జీతం ఆగితే మధురానగర్‌లో అద్దెకున్న గది వదిలి, కాన్పు అయ్యేదాకా అత్తగారి ఊరికి వెళ్లాల్సి వస్తుందని, ఒకసారి వెళితే మళ్లీ రావడం ఎంత కష్టమో తనకు తెలుసని కూడా చెప్పింది.

నిజం చెప్పాలంటే, నాకు ముందు కలిగింది జాలి కాదు, ఆసక్తి. ఉద్యోగం పోయాక అందులోని సెలవు విడిగా మిగులుతుందా? బిందె పగిలాక నీళ్లు నిలుస్తాయా అన్నట్టుంది ప్రశ్న. దీనికి జవాబు ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి అనుకున్నాను. రాసి ఉన్న చోటు నా వీపు వెనకే ఉందని తర్వాత తెలిసింది.

మా గోడకు ఒక చెక్క ఫ్రేము ఉంది. సెంటర్ పెట్టిన కొత్తలో ఆడిటర్ చెప్పారని మా సార్, అంటే సెంటర్ యజమాని, పెట్టించినది. అందులో కార్మిక చట్టాల సారాంశం సన్నటి తెలుగు అక్షరాల్లో ఉంటుంది. దాని మేకు గట్టిదని ప్రతి జనవరిలో క్యాలెండర్ దాని మీదే తగిలిస్తాను. ఆ రోజు క్యాలెండర్ తీసి, కళ్లద్దాలు తుడుచుకుని, నిలబడి చదివాను.

పదిమందో అంతకన్నా ఎక్కువమందో పనిచేసే చోటుకు ఇది వర్తిస్తుందని ఉంది. ఊడ్చే ఆమెతో కలిపి మేము పద్నాలుగు మందిమి. కాన్పు అవుతుందనుకున్న తేదీకి ముందు పన్నెండు నెలల్లో ఎనభై రోజులు పనిచేసి ఉండాలని ఉంది. గర్భంతో ఉండగా పనిలోంచి తీసేసినా, తీసేయకపోతే ఆమెకు రావలసినది పోదని కూడా ఉంది. ఈ చివరి వాక్యాన్ని నాలుగుసార్లు చదివాను. తీసేయకపోతే అనే మాట భలే విచిత్రంగా తోచింది. జరగని రోజులను కూడా లెక్కలోకి తీసుకుంటుందన్నమాట చట్టం. కానీ జరగని రోజులను లెక్కపెట్టడం నాకు రాదు. జరిగిన రోజులతోనే ఎనభై తేలితే ఎవరితోనూ వాదన ఉండదు కదా అనుకుని రిజిస్టర్ తెరిచాను.

ఆమె చేరి ఎనిమిది నెలలే, అంటే అన్నీ ఆ పన్నెండు నెలల్లోపు రోజులే. చేరినప్పటి నుంచి టిక్కులు నూట పద్దెనిమిది. రెండేసి టిక్కులున్న గళ్లు నలభై నాలుగు. చట్టం అడిగేది రోజులు గానీ బ్యాచ్‌లు కావు కాబట్టి వాటిలో రెండో టిక్కును తీసేస్తే డెబ్బై నాలుగు. మళ్లీ కింది నుంచి పైకి లెక్కపెట్టాను. డెబ్బై నాలుగే.

“ఆరు రోజులు తక్కువైనయ్ చెల్లె.”

“ఎట్లయితయ్? బ్యాచ్ లేని రోజు సుత వచ్చిన గదక్కా. డెమోలన్నీ ఎవరు జెప్పిండ్రు మరి, మీ క్యాలెండరా?”

డెమోకి ఫీజు లేదు కాబట్టి టిక్కు లేదు. అది నా నియమమే. పన్నెండేళ్లలో ఒక్కసారైనా అది సరైనదేనా అని నన్ను నేను అడగలేదు.

డెమోకి వచ్చినవాళ్లు పేర్లు రాసే కాగితాలు అట్ట ఫైలులో ఉంటాయి. పైన తేదీ, చెప్పింది ఎవరు అన్నది నేనే రాస్తాను. అవి తిరగేస్తే ఆమె డెమో చెప్పిన తేదీలు పదకొండు తేలాయి. వాటిలో మూడు రోజులు బ్యాచ్ కూడా ఉంది, టిక్కు ముందే పడింది. ఒకే రోజును రెండుసార్లు లెక్కపెట్టకూడదు. కొత్తగా కలిసేవి ఎనిమిది. మొత్తం ఎనభై రెండు.

ఇక మిగిలింది ఒకే ప్రశ్న. డెమో రోజు పని రోజేనా? అది పని కాదన్నట్టు రాసిపెట్టింది నేనే. సార్ ఆ రిజిస్టర్‌నే చూపిస్తే నా చేతిరాతే ఆమెకు అడ్డం పడుతుంది. ఇంకోసారి పేజీలు తిప్పాను. ఆమెకు మూడో నెల అప్పటి ఒక గడి దగ్గర వేలు ఆగింది. ఎర్ర ‘సె’. ఆ వారమంతా బ్యాచ్ లేదు. వాంతులవుతున్నాయని ఆమె పొద్దున్నే ఫోన్ చేసిన రోజది. ఆ రోజు ఉన్నది డెమో ఒక్కటే.

అంటే డెమోకి రాని రోజును రాశాను, వచ్చిన రోజులను రాయలేదు.

మా సార్ గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడినవాడు, నాకన్నా చిన్న. పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద ఇరుక్కుపోయి ఆ రోజు ఆలస్యంగా వచ్చాడు. నీళ్లు తాగేదాకా ఆగి రిజిస్టర్ ముందు పెట్టాను.

“సార్, ఈ తారీఖున ఆమెకు సెలవు పడ్డది. బ్యాచ్ లేదు గదా, దేనికి పడ్డట్టు?”

“డెమో ఉందండీ ఆ రోజు. ఆవిడ రాకపోతే నేనే చెప్పాల్సొచ్చింది. ఇద్దరు మధ్యలో లేచి వెళ్లిపోయారు, బాగా గుర్తు.”

“రాకుంటే సెలవు. మరి వస్తే ఏంది సార్?”

ఆయన రిజిస్టర్‌ను తన వైపు తిప్పుకున్నాడు. “ఏంటి మేడమ్, పొద్దున్నే నాకే డెమో పెట్టారు?”

కాగితాలు ఒక్కొక్కటీ చూపించాను. ఆయన ఇంజనీరింగ్ చదివినవాడు, నా లెక్కను నమ్మకుండా తనే వేసుకున్నాడు. ఎనభై రెండే వచ్చింది.

“పన్నెండేళ్ల నుంచి మీరే రాస్తున్నారు కదండీ. ఇప్పుడేమో తప్పంటున్నారు.”

“అవును సార్. తప్పు నాదే. ఆమెది కాదు.”

ఆ మాట అనడానికి నాకు లెక్క వేసినంత సేపు పట్టలేదు. అయినా చెవులు వేడెక్కాయి.

ఆయన లేచి గోడ మీది ఫ్రేము చదివాడు. “ఇదెవరు పెట్టారు?”

“మీరే పెట్టిచ్చిండ్రు సార్. నేను మూసిపెట్టిన.”

లోపలికి వెళ్లి ఆడిటర్‌తో చాలాసేపు మాట్లాడి వచ్చాడు. “సరే, ఆవిణ్ణి లెటర్ ఇవ్వమనండి. కాన్పుకి ఎన్ని వారాల ముందు నుంచి తీసుకోవచ్చు?”

“ఎనిమిది సార్.”

“అంటే ఇంకా టైముంది. అప్పటిదాకా కోర్సు లేకుండా ఆవిడ ఏం చేస్తుందండీ?”

“ఏఐ కోర్సుకు డెమోలు జెప్తది సార్. ఈసారి టిక్కు పెడత.”

ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. తిరిగొచ్చాక ఆమెకు ఏ కోర్సు ఇవ్వాలో మాత్రం ఆ రోజు తేలలేదు. అప్పుడు చూద్దాం అన్నాడు.

ఆమె సెలవు మొదలైన రోజు నాకొక కొత్త చిక్కు వచ్చింది. గడిలో ఏం రాయాలి? ‘సె’ రాస్తే రాలేదని అర్థం. ఖాళీగా వదిలితే ఎంత ప్రమాదమో చూశాను. ఏదో ఒకటి రాయండి మేడమ్ అన్నాడు సార్. ఆలోచించి, నీలం సిరాతో ‘ప్ర’ అని రాశాను, ప్రసూతి అని. ఎప్పుడూ అడ్డగీత కొట్టి వదిలేసే ఆదివారాలను కూడా నింపాలా అన్నది ఇంకో సందేహం. చట్టం వారాలంటోంది, వారానికి ఏడు రోజులు. నింపాలి. మొత్తం నూట ఎనభై రెండు గళ్లు.

పాప అనుకున్న తేదీకి తొమ్మిది రోజుల ముందే పుట్టింది. మూడో రోజు తల్లి దవాఖానా నుంచి ఫోన్ చేసింది.

“అక్కా, ఇది ఆగలే, ముందే వచ్చింది. లెక్క మారుతదా?”

“ఎనభై రోజులు చూసేది డాక్టర్ రాసిచ్చిన తారీఖు నుంచి. మారదు. ఫికర్ జేయకు.”

“నా గళ్లల్ల ఏం రాస్తున్నవ్?”

చెప్పాను. అటువైపు పాప ఏడుపు కాసేపు వినిపించింది.

“ఎన్నయినయ్?”

“ఇయ్యాల్టితోని యాభై. ఇంక నూట ముప్పై రెండు.”

“జర మర్చిపోకుండ రాయి అక్కా” అంది.