బోరు పొడి ముగ్గు

నిన్న తార్నాకలో మా గల్లీ మలుపున బోరు వేశారు. క్యాంపస్‌కు బయలుదేరేసరికి రోడ్డంతా తెల్లటి రాతిపొడి. మా వాచ్‌మన్ భార్య దాన్ని చేటతో బకెట్‌లోకి ఎత్తుతోంది.

"ముగ్గుకు మంచిగుంటది మేడం, మీరు గూడ కొంచెం తీస్కపోన్రి" అంది.

ఆ వేడి రాతి వాసనకే నా కాళ్లు ఆగిపోయాయి.

ఊళ్లలో పెరిగిన నా ఈడు వాళ్లారా, మీకూ గుర్తుండే ఉంటుంది. బోరు లారీ వచ్చిందంటే బడి ఎగ్గొట్టి పరుగెత్తేవాళ్లం కదా. పొడి తడిస్తే నీళ్లు దగ్గర పడ్డట్టే. మా చెలకలో నాలుగో బోరు వేసిన రోజు సాయంత్రం దాకా అది తడవలేదు. బాపు గుప్పెడు గుప్పెడు తీసి పిసికి చూస్తూనే ఉన్నాడు. చివరికి లారీ వెళ్లిపోయింది. ముగ్గు కోసం గంపలు పట్టుకొచ్చిన వాడకట్టు ఆడవాళ్లు బాపును చూసి, అడగలేక దూరంగా నిలబడ్డారు.

"ఎత్తుకపోన్రి. గట్లనన్న ఎవలకో పనికొస్తది" అంది అమ్మ.

తెల్లారి వాడంతా ముగ్గులే. అంత తెల్లటి ముగ్గులు మా ఊళ్లో నేనెన్నడూ చూడలేదు. నీళ్లు పడని మా బోరు ప్రతి గడప ముందూ పరిచి ఉంది. వాటి పక్కనుంచి నడవాల్సి వస్తుందని బాపు ఆ రోజు ఇంట్లోంచి కదల్లేదు.

ఈ ఉదయం మా గేటు ముందు పెద్ద ముగ్గు. నీళ్లు పడ్డాయా అని వాచ్‌మన్ భార్యను అడగలేదు. వెనక గేటు తీసుకుని క్యాంపస్‌కు వెళ్లిపోయాను.