ఆగి నిలబడే గుర్రం

మా ఎదురింటి ఆస్దీస్ చేపల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళుగా ముళ్ళు తీస్తోంది. ఆమె వంటగదిలో కడిగి బోర్లించిన కాఫీ కప్పు ఎప్పుడూ ఒక్కటే. మా కిటికీలోంచి బాగా కనబడుతుంది. ఒక జూన్ పొద్దున ఆమె గడపలో కూర్చుని పాత స్వారీ బూట్లకు నూనె రాస్తుంటే నా కాలు ఇంట్లో నిలవలేదు.

"ఎక్కడికమ్మాయ్, ఈ ముస్తాబు?"

"సెప్టెంబర్‌లో గొర్రెల్ని దింపడానికి కొండకెళ్తాను, గ్విద్నీ అక్కా."

"గుర్రమెక్కి ముప్ఫై అయిదేళ్ళయింది నువ్వు!"

"నాకూ తెలుసులే."

ఆమెకు పంతొమ్మిదేళ్ళప్పుడు వాళ్ళ నాన్న ఆమె గుర్రాన్ని జర్మనీవాళ్ళకు అమ్మేశాడు. మా దీవి దాటిన గుర్రాన్ని మళ్ళీ ఇక్కడ అడుగు పెట్టనివ్వరు. రేవుదాకా వెళ్ళి సాగనంపి వచ్చి, జీను గోడకు తగిలించేసింది. అప్పటినుంచి ఏటా, వేసవంతా పైన మేసిన గొర్రెలకోసం ఊరంతా కొండెక్కితే, తను కింద దొడ్డి దగ్గర మాంసం సూప్ కలుపుతూ ఉండేది.

మందను దింపే గుంపుకు పెద్దయిన హట్లుర్ ఒక్కటే మాటన్నాడు. "రావచ్చు. కానీ నువ్వు దిగితే గుర్రం నీకోసం ఆగాలి. అది ఒక్కటే ఇంటికొచ్చేస్తే మేం గొర్రెల్నొదిలి నిన్ను వెతుక్కోవాలి. ఆగస్టు ఆఖరులోగా, దిగి, గుర్రాన్ని అక్కడే వదిలి వందడుగులు నడిచి చూపించు. లేదంటే గరిటె పట్టుకో."

గుర్రాలమ్మే స్టేన్థోర్ దగ్గరికి, ఎవరూ పిలవకపోయినా, నేనూ వెళ్ళాను. రెండు చూపించాడు. ఒకటి మోసి: బురదరంగు, పదహారేళ్ళు, పెద్ద పొట్ట. రెండోది బ్లేసి: ఎర్రటి ఒళ్ళు, ముఖాన తెల్లటి చార. ఆ చార చూడగానే ఆస్దీస్ చెయ్యి దానంతటదే పైకి లేచింది. అమ్మేసిన దానికీ అదే చార.

"ఇదెక్కడ పుట్టిందయ్యా?" అని అడిగాను.

"లోయ అవతల."

"అయితే సందు దొరికితే అవతలికే పోతుంది."

"ఈవిడనెందుకు తెచ్చావమ్మా?" అన్నాడు స్టేన్థోర్.

ఆస్దీస్ అప్పటికే ఎక్కేసింది. కప్పులో కాఫీ తొణకదు, అంత మెత్తగా నడిచింది బ్లేసి. నచ్చుతుందో లేదో పదిహేను రోజులు ఎక్కి చూసుకోమని ఇచ్చాడు.

తొమ్మిదోరోజు చలివానలో బ్లేసి ఒంటరిగా మా కిటికీ ముందునుంచి పోయింది. ఖాళీ జీను, నేలన ఈడ్చుకుపోతున్న పగ్గాలు. ఆస్దీస్ ఇంటి దగ్గర ఆగనైనా ఆగక, నేరుగా లోయవైపే పోయింది. రెండు గంటల తరవాత ఆమె నడుచుకుంటూ వచ్చింది. నేను పొడి మేజోళ్ళూ కాఫీ పట్టుకెళ్ళాను.

"గేటు మూద్దామని దిగాను, అంతే. వెనక్కి తిరిగైనా చూడలేదక్కా." కప్పు రెండు చేతులా పట్టుకుంది. "నాదీ అలాగే ఓడెక్కింది. నేను పిలుస్తూనే ఉన్నాను."

నేను పొడి మేజోళ్ళు ఆమె ఒళ్ళో పెట్టాను.

మర్నాడు, లోయ అవతల దొరికిన బ్లేసిని స్టేన్థోర్‌కే వదిలేసి మోసిని తెచ్చుకుంది. అది నడిస్తే నడుము విరిగేటట్టుంటుంది. "ఎడ్లబండే నయం," అంటూనే రోజూ ఎక్కేది.

ఆగస్టు ఆఖరి శనివారం హట్లుర్ పొలంలో ఆస్దీస్ దిగి, పగ్గాలు నేలన వదిలి నడిచింది. మెడ బిగబట్టి, ఒక్కసారైనా వెనక్కి చూడకుండా. మోసి తలెత్తి చూసింది. ఒకడుగు వేసింది. అంతలోనే తల దించి గడ్డి పీక్కుంది.

వందో అడుగున ఆస్దీస్ తిరిగి చూసింది. మోసి అక్కడే ఉంది.

"సరే, కొండకు రా," అని అరిచాడు హట్లుర్.

ఆమె కదల్లేదు.

"వచ్చెయ్ అమ్మాయ్, వాన!" అన్నాను నేను.

"ఉండక్కా. అది ఆగి ఉండటం ఇంకాసేపు చూడనీ."

పొలానికి ఆ చివర అలాగే తడుస్తూ నిలబడింది. మోసి ఇటు చివర గడ్డి మేస్తూనే ఉంది.