నలభై శాతం దగ్గర ఆగిన సెట్

అది 2013. నారాయణఖేడ్ బస్ డిపో దగ్గర నేను కార్ ఎలక్ట్రికల్ షాపు పెట్టి అప్పటికి పదేళ్ళు. బండ్లలో తెర ఉన్న సెట్లు బిగించుకోవడం మా దగ్గర అప్పుడప్పుడే మొదలైంది. బండితో రాకుండా బయట కొని పెట్టించుకునే ఆ సెట్టును మేము హెడ్ యూనిట్ అంటాం. దాన్ని లోపల నడిపించే ప్రోగ్రామే ఫర్మ్‌వేర్.

కంగ్టి రూట్లో వ్యాను నడిపే మాణయ్య ఒకరోజు మధ్యాహ్నం వచ్చాడు. పాత యాక్సిడెంట్ వల్ల అతని మెడ పక్కకు తిరగదు. బండి వెనక్కి తీయాలంటే వెనక బిగించిన కెమెరా, ఆ బొమ్మ చూపించే సెట్టే దిక్కు.

"ఖాజా భాయ్, ఎన్కకు గేర్ ఏస్తే తెర గట్లనే ఆగిపోతుంది. నిన్న బోరంచ గుడికాడ ఒక ముసలమ్మ ఎన్కకెల్లి పోతుంటె కనబడనే లేదు. మంది ఒర్రిన్రు గాబట్టి బతికింది. గిది బాగు కాకుంటె ఇగ నేను స్టీరింగ్ ముట్ట" అన్నాడు.

కెమెరా, వైర్లు బాగానే ఉన్నాయి. ఫర్మ్‌వేర్ మార్చాలని డీలర్ కొత్త ఫైలు పంపాడు. ఈ పనిలో నాకు చాదస్తం ఎక్కువ. డబ్బా మీది మోడల్ నంబరు నమ్మను, సెట్టింగ్స్‌లో వర్షన్ చూసి ఫోటో తీసుకుంటాను. ఖాళీ మెమరీ కార్డులో ఆ ఒక్క ఫైలే ఎక్కిస్తాను. మధ్యలో కరెంటు పోతే సెట్ మళ్ళీ లేవదు కాబట్టి బ్యాటరీకి చార్జర్ పెడతాను. ఇన్ని చూసుకున్నవాణ్ని, డ్రైవర్ సీట్లో కూర్చున్న మనిషికి ఒక్క ముక్క చెప్పలేదు.

అప్‌డేట్ నలభై శాతం అయ్యేసరికి సాయంత్రం నమాజుకు అజాన్ మొదలైంది. కుళాయి దగ్గర చేతులు కడుక్కొని తిరిగొస్తే తెర నల్లగా ఉంది. తాళంచెవి మాణయ్య చేతిలో ఉంది.

"ఎవ్వలు బంద్ జెయ్యమన్నరు? బుద్ధి ఉందా నీకు?" రోడ్డు మీద జనం ఆగి చూసేలా అరిచాను.

అతను బిత్తరపోయాడు. "అజాన్ అయితుంది గద భాయ్. రోజు గప్పుడు తాళం తిప్పి బండ్లె సెట్ బంద్ జేస్త. చెయ్యి దానంతట అదే పోయింది."

సెట్లో పాట కూడా లేదు. మా పిలుపుకు అతను రోజూ ఇచ్చే మర్యాద అది. సిగ్గుతో తల దించుకుని సెట్ వైపు తిరిగాను.

ఇలాంటప్పుడు ఆఖరి దారి ఒకటుంది. కార్డు లోపల పెట్టి, రీసెట్ అనే సన్నటి రంధ్రంలో పిన్ను నొక్కి పట్టి కరెంటు ఇవ్వాలి. రెండుసార్లు చేసినా లేవలేదు. మాణయ్య పక్కనే నిలబడి నాకు టార్చి పట్టాడు, దాంతో నాకు ఇంకా బాధేసింది. అదే ఫైలు వేరే కార్డులో ఎక్కించి పెట్టి, మూడోసారి పిన్ను పట్టాను. తెర మీద గీత కదిలింది. నూరు శాతం అయ్యేదాకా ఇద్దరం కదల్లేదు.

కెమెరా సెట్టింగు మళ్ళీ పెట్టి, నేనే వెళ్ళి వ్యాను వెనక నిలబడ్డాను. బండి మెల్లగా నా దాకా వచ్చి ఆగింది.

"కనబడుతున్నవ్ భాయ్!" లోపలి నుంచి కేక.

"మాణన్నా, తప్పు నాది. ముందుగాల చెప్పకపోతి, పైకెల్లి ఒర్రితి. మాఫ్ చెయ్యి" అన్నాను, ఇందాక అరిచినంత గట్టిగానే.

"ఇడువు భాయ్. జల్దీ పో, నమాజుకు ఆలస్యమైతుంది."

ఆ తర్వాత సెట్టును బండిలోంచి తీసి, టేబుల్ మీద వేరే బ్యాటరీకి కలిపే అప్‌డేట్ చేస్తున్నాను. అయినా సరే, ముందు ఓనర్‌ను కూర్చోబెట్టి ఏం చేయబోతున్నానో చెబుతాను. ఫైలు, కార్డు, కరెంటు సంగతి నాకు ముందే తెలుసు. ఎదుటి మనిషికి చెప్పాలన్నది మాణయ్య దగ్గర నేర్చుకున్నాను.