గంజ్ మామకు నేను చెప్పిన రిపోర్టు

ఆ రోజుల్లో, అంటే నా డిగ్రీ పట్టా మీద సిరా ఇంకా ఆరని రోజుల్లో, లోకంలోని జబ్బులన్నీ నా చేతిలో చావడానికే కాచుకుని ఉన్నాయని గట్టి నమ్మకం. బీదర్‌లో ఒక చిన్న పరిశోధన ల్యాబులో చేరాను. ల్యాబంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, ఒక ఫ్రిజ్, వేడెక్కితే మూలిగే పాత కంప్యూటర్, దాన్నీ నన్నూ సమానంగా అనుమానించే ల్యాబు అక్క. టీబీ రోగుల తెమడలో దొరికిన క్రిమి జన్యువుల్ని హైదరాబాదులో చదివించి, అక్షరాల వరుసలుగా తెప్పించేవాళ్లం. ఆ అక్షరాల కుప్పలోంచి క్రిమి ఏ మందుకు లొంగుతుందో, దేనికి లొంగదో వెతికి చెప్పే సాఫ్ట్‌వేర్ కొనాలంటే మా డాక్టర్ సారు ఇల్లు అమ్ముకోవాలి. అదృష్టం కొద్దీ ఎవరో పుణ్యాత్ములు అలాంటిదే ఒకటి తయారుచేసి, లోపలి కోడ్‌తో సహా ఎవరైనా వాడుకోండని ఉచితంగా వదిలేశారు. దాన్ని ఆ పాత కంప్యూటర్‌లోకి ఎక్కించడానికే నాకు తొమ్మిది రోజులు పట్టింది. (ఊళ్లో మాత్రం నేనే తయారుచేశానని చెప్పుకున్నాను. నేను సిగ్గుపడాల్సిన వాటిలో ఇది చిన్నది.)

ఆ సాఫ్ట్‌వేర్‌తో పాటు నేర్చుకునేవాళ్ల కోసం ఒక నమూనా కూడా వస్తుంది. ఏ దేశపు రోగిదో ఏమో, రెండు ముఖ్యమైన మందులకు లొంగని మొండి క్రిమి. ముందు దాన్ని నడిపి చూసుకున్నాను, రిపోర్టు చక్కగా వచ్చింది. మర్నాడు హమాలీ మామ శాంపిల్ పెట్టాను. మామది మా ఊరు కమఠాణే. రోజూ బీదర్ ధాన్యం మార్కెట్‌కు, అదే గాంధీ గంజ్‌కు వచ్చి కందుల సంచులు మోసేవాడు. నాలుగు నెలలుగా టీబీ గోలీలు మింగి, అప్పుడప్పుడే ఒళ్లు చేస్తున్నాడు. కంప్యూటర్ పనిలో ఉండగా కరెంటు పోయింది. వచ్చాక చూస్తే రిపోర్టు సిద్ధంగా ఉంది. రెండు మందులకు లొంగదు! గుండె ఝల్లుమంది. నిజం చెప్పాలంటే అందులో సగం సంతోషమే, ఏదో కనిపెట్టానని. "ఇది పరిశోధన, ఏది దొరికినా ముందు నాకు చెప్పాలి, రోగులకు కాదు" అని డాక్టర్ సారు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పి బెంగళూరు వెళ్లాడు. స్కూటీ ఎక్కేసరికే ఆ మాట మరిచాను.

"మామా, నువ్వు మింగే గోలీలల్ల రెండు నీ మీద పనిచేస్తలేవు," అన్నాను, గంజ్‌లో సంచుల మధ్య నిలబడి.

మామ నడుము మీద చేయి పెట్టుకుని నన్ను చూశాడు. "నాకు పానం మంచిగనే అనిపిస్తాంది గద బిడ్డా?"

"నీకు అట్ల అనిపిస్తది మామా. కంప్యూటర్ అబద్ధం చెప్పది."

పది రోజులకు సారు వచ్చాడు. గర్వంగా రిపోర్టు ఆయన బల్ల మీద పెట్టాను. పక్కనుంచి ల్యాబు అక్క తొంగి చూసింది. "దీని మీద తారీఖు సూసినవా? మామ శాంపిల్ పెట్టకముందు రోజుది."

అది నమూనా రిపోర్టు. మామ శాంపిల్ కరెంటు పోయినప్పుడే సగంలో ఆగిపోయింది. నేను ఫోల్డర్‌లో ముందునుంచీ ఉన్న పాత రిపోర్టును తెరిచి మామకు అంటగట్టాను. మళ్లీ నడిపితే మామ క్రిమి అన్ని మందులకూ బుద్ధిగా లొంగేదే. "మామకు ఏం చెప్పలేదు కదా?" అని సారు అడిగాడు. చెప్పానని ఒప్పుకున్నాను. "పో, ముందు ఆయన్ని తీసుకురా," అన్నాడు. తిట్టినా బాగుండేది.

గంజ్‌కు వెళ్లేసరికి మామ సంచుల మీద కూర్చుని దగ్గుతున్నాడు. "గోలీలా? ఏ రెండో నాకేం ఎరుక, అన్నీ బంద్ చేసిన. పనిచెయ్యనివి ఎందుకు మింగాలె? సదువుకున్న పిల్లవు, నువ్వు చెప్తె ఇననా?"

అంత సిగ్గు నాకు ముందూ లేదు, తర్వాతా లేదు. హమాలీలందరి ముందు జరిగింది చెప్పాను. మామ లేచి, సేటు దగ్గర ఇనుప గొట్టం తీసుకుని, పక్కనున్న సంచిలో గుచ్చి, జారిన కందులు నా అరచేతిలో పోశాడు.

"ఈడ సంచి గుచ్చి గింజ సూడకుండ ఎవ్వలు భావ్ చెప్పరు, ధర కట్టరు బిడ్డా. నువ్వు ఎవలిదో సంచి సూసి నాకు భావ్ చెప్పినవ్."

అందరూ నవ్వారు. నేను ఏడ్చాను. మామను స్కూటీ మీద ఎక్కించుకుని సారు దగ్గరకు తీసుకెళ్లాను. సారు మళ్లీ పరీక్షలు చేయించి మందులు మొదలుపెట్టించాడు, గడువు పెంచాడు. మామ ఒక్కటే షరతు పెట్టాడు. "మాన్పిచ్చింది నువ్వే, రోజు నా ముందల నిలబడి మింగిపిచ్చేది గూడ నువ్వే." అలా నెలల తరబడి పొద్దున్నే నీళ్ల సీసాతో గంజ్‌లో నిలబడ్డాను. హమాలీలు నాకు గోలీలమ్మ అని పేరు పెట్టారు. లారీ డ్రైవర్లు కూడా అదే పేరుతో పిలిచేవారు.

మామకు పూర్తిగా నయమైంది. ఇప్పటికీ గంజ్‌లోనే ఉంటాడు, సంచులు మోయడు, మోసేవాళ్లను అదిలిస్తాడు. పప్పు కొనడానికి వెళితే చాలు, మా ఆయన పక్కనున్నా సరే, నోరు బార్లా తెరిచి నాలుక ఎత్తి చూపిస్తాడు, గోలీ మింగేశానని. నేను తల వంచుకుని "సూసిన మామా" అంటాను. మామకు కాస్త తిక్క ఉందని మా ఆయన నమ్మకం. ఇన్నేళ్లుగా నేనూ ఔననే ఊరుకున్నాను. ఇది చదివితే తెలుసుకుంటాడు, తిక్క ఎవరిదో.